మూడు కొంపలేలు మొగుడు
(టీకా తాత్పర్య విశేషాంశ సహితము)

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆయనది మెతుకుసీమ. కాళిదాసు ఇల్లు కట్టే మేస్త్రి గురించి గానీ, ఇల్లు కొనే బేరగాడి గురించి గానీ రాయలేదు కనుక ఆ ప్రతిజ్ఞ చెల్లింది. మనం వచ్చింది ఖమ్మం జిల్లా ముదిగొండకు. ఇల్లు కట్టేవాడి సంగతి రాయబోతే మూలంలో లేనివే ముందొచ్చి కూర్చుంటాయి: ఎస్టిమేటులో లేని సంపు, ప్లానులో లేని పూజగది, మాటల్లో ఎప్పుడూ రాని మెట్ల రెయిలింగు. అందుచేత సూరిగారి ప్రతిజ్ఞలో రెండో సగం మాత్రమే పాటిస్తాను.

కింది ఆటవెలదికి మూలమూ నాదే, టీకా నాదే. కవి హృదయం అందలేదనే సాకు వ్యాఖ్యాతకు లేదు. వ్యాఖ్యాత చెడగొట్టాడనే సాకు కవికీ లేదు. ఉన్న ఇంటిని బేరానికి పెట్టి, ఆ డబ్బు చూసుకునే కొత్త ఇల్లు మొదలెట్టిన గృహస్థు ఒకడు ఖమ్మం–కోదాడ రోడ్డు మీద బండిపై పోతుండగా, టీ కొట్టు ముందు నిలబడ్డవాళ్లు అనుకున్న మాటగా దీన్ని చదువుకోవాలి.

మూలము

పాత యిల్లు నమ్మి పక్కనే ముదిగొండఁ
గొత్త యిల్లు కట్టఁ గోతి తీసి
యద్దె యింట నుండి యప్పులో మునుఁగుచు
మూడు కొంపలేలు మొగుఁడు వీఁడు!

ప్రతిపదార్థము

పాత యిల్లు నమ్మి = పాత యింటిని విక్రయించి (లేక, పాత యింటిని విశ్వసించి); పక్కనే = దాపుననే; ముదిగొండన్ = ముదిగొండ గ్రామమందు; కొత్త యిల్లు కట్టన్ = నూతన గృహము నిర్మించుటకై; గోతి తీసి = పునాది గుంటలు త్రవ్వించి; అద్దె యింటన్ ఉండి = నెలకింతని యిచ్చి పరుల యింటఁ గాపురముండి; అప్పులో మునుఁగుచు = ఋణమగ్నుఁడగుచు; మూడు కొంపలు = పాతది, కొత్తది, అద్దెది యను మూఁడు గృహములను; ఏలు = పరిపాలించునట్టి; మొగుఁడు = నాథుఁడు; వీఁడు = ఈతఁడే సుమా.

వ్యాఖ్య

*పాత యిల్లు నమ్మి.* కథంతా పదచ్ఛేదం దగ్గరే ఉంది. ‘ఇల్లును అమ్మి’ అని విడగొడితే వీడు డబ్బు చేతికి తీసుకుని మేస్త్రిని పిలిచాడు. ‘ఇల్లు నమ్మి’ అని విడగొడితే, పోకపోతుందా అనుకుని పిలిచాడు. చెవికి రెండూ ఒక్కటే. “ఇల్లు అమ్మావటగా” అని ఎవరైనా అడిగితే వీడు “అమ్మినట్టే” అంటాడు. ఆ ‘అట్టే’కు వ్యాకరణంలో ఏ పేరున్నా, బజారులో దాని పేరు బయానా.

బయానాకు ముందు చూపులుంటాయి. కొనేవాడు బావమరిదిని వెంటేసుకుని వస్తాడు. చెప్పులు విప్పకుండానే గడప మీద నిలబడి దూలం వైపు చూస్తాడు. గోడను వేలి కణుపుతో కొట్టి చెవి పెడతాడు. బోరు మోటారు వేయించి, నీళ్ల ధార సన్నబడుతుందేమోనని కదలకుండా చూస్తాడు. చివరికి పెరట్లోకి వెళ్లి, “ఏందన్నా, ఈశాన్యంలో మెట్లు పెట్టావ్?” అంటాడు. ఆ మెట్లకు గజానికి ఇంత చొప్పున ధర తగ్గుతుంది. బావమరిది ఏమీ అనడు. ఆయన ఏమీ అనకపోవడానికి ఇంకొంత తగ్గుతుంది. తాంబూలంలో పెట్టి ఇచ్చిన కొద్దిపాటి డబ్బు తీసుకోగానే వీడు ఇంటికి కాదు, సిమెంటు కొట్టుకు వెళ్తాడు. ‘నమ్మి’ అన్న అర్థం అక్కడ మొదలవుతుంది.

ఈ ఘట్టం మీద పూర్వులు రాసిన వ్యాఖ్యలు మూడున్నాయి. మూడింటి సంఖ్యా 54. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో ఒకే పద్యం రెండు కథలు చెబుతుంది, ఇక్కడ ఒకే అంకె మూడు చెబుతుంది.

మొదటి 54, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో సెక్షను. అమ్మకానికి ఒప్పందం రాసుకున్నంత మాత్రాన కొనేవాడికి ఆ ఆస్తిలో ఏ హక్కూ రాదని అది చెబుతుంది. ఇల్లు ఇంకా నీదే. వినడానికి ఇంపుగా ఉంటుంది. కానీ ఇల్లు నీదే అంటే దాని పన్ను నీదే, దాని కారే కప్పు నీదే, మిగతా డబ్బు మాత్రం ఇంకా వాడిదే అని అర్థం.

రెండో 54, 1963 నాటి లిమిటేషన్ చట్టంలో ఆర్టికల్. ఒప్పందం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయమని కోర్టుకెక్కడానికి గడువు మూడేళ్లు. ఒప్పందంలో తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి, రాయకపోతే ఎదుటివాడు కాదన్నాడని తెలిసిన నాటి నుంచి. కాబట్టి ‘కొత్త ఇల్లు కాలేదు, ఇప్పుడు అమ్మను’ అని బయానా తిరిగి చేతిలో పెడితే సరిపోదు. ఎదుటివాడు వద్దంటే ఆ డబ్బు నీ చేతిలోనే ఉండిపోతుంది, ఇల్లు చిక్కులో పడుతుంది.

మూడో 54, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షను. రెండేళ్లకు మించి చేతిలో ఉన్న ఇల్లు అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను ఉంది. ఆ లాభాన్ని ఇంకో ఇంట్లో పెడితే మినహాయింపు ఉంది. కొనేటట్టయితే అమ్మకానికి ఏడాది ముందు గానీ, తర్వాత రెండేళ్లలోపు గానీ. కట్టేటట్టయితే అమ్మిన తేదీ నుంచి మూడేళ్లలోపు పూర్తి కావాలి. అమ్మకముందే పునాది తీసినవాడి సంగతేమిటి? పని ముందే మొదలైనా తప్పు లేదని, గడువులోపు పూర్తి కావడమే లెక్క అని కర్ణాటక హైకోర్టు ఏనాడో తేల్చింది. రిటర్ను వేసే గడువుకు ఇంకా ఖర్చు కాని లాభాన్ని 1988 క్యాపిటల్ గెయిన్స్ ఖాతా పథకం కింద బ్యాంకులో వేయాలి. దాన్ని మామూలు ఖాతాలో వదిలేసి, అందులోంచి మేనకోడలి పెళ్లికి సర్దితే మినహాయింపు ఆ మేరకు తగ్గుతుంది. 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి, 2026 ఏప్రిల్ 1 నుంచి అంకెలు మార్చింది. శ్లోక సంఖ్య మారితే భావం మారదు.

మూడు వ్యాఖ్యల్లోనూ సారాంశం ఒకటే. ఇల్లు ఎప్పుడు అమ్ముడుపోయిందనే ప్రశ్నకు వీడి మనసులో ఒక తేదీ, చట్టంలో ఇంకో తేదీ. పునాది తీసేది మొదటి తేదీన, డబ్బు వచ్చేది రెండో తేదీన.

*పక్కనే.* పాత ఇంటి పక్కనే కొత్తది కట్టుకోవడంలో సుఖం ఉంది. సిమెంటు బస్తాలు కళ్ల ముందుంటాయి, మేస్త్రికి టీ వంటింట్లోంచే వెళ్తుంది, ఇసుక ట్రాక్టరు వచ్చిన చప్పుడుకు లేవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, క్యూరింగుకు నీళ్లు పాత ఇంటి బోరువే. స్లాబు పోశాక కనీసం వారం పది రోజులు తడి ఆరనివ్వకూడదు; కాంక్రీటు బలాన్ని 28వ రోజున లెక్కగడతారు. ఇంతలో పాత ఇల్లు రిజిస్ట్రేషన్ అయిందనుకోండి, ఇంటితో పాటు బోరూ పోతుంది. మొన్నటిదాకా తన చేత్తో వేసిన మోటారు స్విచ్చు కోసం కొన్నవాడి గుమ్మంలో నిలబడి, “తమ్ముడూ, ఓ గంట నీళ్లు” అని అడగాలి. పక్కనే అనే ఒక్క మాటలో కవి ఇంత దాచాడు.

*ముదిగొండఁ.* ఈ పదం దగ్గర వ్యాఖ్యాత నవ్వు ఆపాలి. 2007 జులై 28న ఇదే ఊళ్లో, పేదలకు భూమి, ఇళ్ల స్థలాలు కావాలని జరిగిన ఆందోళన మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. అమ్ముకోవడానికి ఒక ఇల్లు, కట్టుకోవడానికి ఒక జాగా ఉన్నవాడు తన కష్టం చెప్పుకునేటప్పుడు, ఏ ఊళ్లో నిలబడి చెబుతున్నాడో గుర్తుంచుకోవాలి. ఊరి పేరు కవి యతి కోసం వేశాడనుకునేరు. యతి ‘పక్కనే’ దగ్గరే తీరిపోయింది.

*కొత్త యిల్లు కట్టఁ గోతి తీసి.* గోతి తీయడం అనగా పునాది తవ్వడం. లోకంలో ఇంకో అర్థం ఉంది. అది ఎదుటివాడికి తీసేది. ఇక్కడ తవ్వించేవాడూ, పడేవాడూ ఒకడే కావడం విశేషం.

గోతికి ముందు డబ్బెక్కడిదని అడిగే ఆచారం ఈ సీమలో పాతదే. ముదిగొండకు పొరుగు మండలం నేలకొండపల్లి కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. తానీషా ఏలుబడిలో పాల్వంచ తహసీల్దారుగా ఉంటూ ఆయన భద్రాచలంలో రాముడికి ఇల్లు కట్టాడు. ఖజానాకు చేరాల్సిన ఆరు లక్షల వరహాలు అందులో పెట్టాడని కథ. రావలసిన సొమ్ము వచ్చేదాకా ఇంకొకరి సొమ్ముతో పని నడపడాన్ని బ్యాంకులు ఇవాళ బ్రిడ్జి లోను అంటున్నాయి. గోపన్న విషయంలో ఖజానా ముందు అడిగింది, రాముడు తర్వాత వచ్చాడు. మధ్య కాలం గోల్కొండ చెరసాలలో గడిచింది. అక్కడ ఆయన పాడిన కీర్తనల్లో ఒకటి అచ్చంగా నిర్మాణ బిల్లు: ప్రాకారాల నుంచి సీతమ్మ చింతాకు పతకం దాకా దేనికెంత పట్టిందో రాముడికి లెక్క అప్పజెప్పాడు. పద్దు తర్వాత పద్దు పదివేలే. మేస్త్రి అంచనాలు గుండ్రంగా ఉండటం నేటి మాట కాదు. చివరికి రామలక్ష్మణులే వచ్చి పైకం కట్టి రసీదు పుచ్చుకున్నారంటారు. మనకు ఆ జామీనుదారులు లేరు కనుక గోతికి ముందే లెక్క చూసుకోవాలి.

లెక్క ఎక్కడ తప్పుతుందో ప్రభుత్వానికి తెలుసు. 2024 మార్చి 11న భద్రాచలంలోనే మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత జాగా ఉన్న పేదలకు 5 లక్షలు ఇస్తుంది. ఒకేసారి కాదు, పని జరిగినకొద్దీ నాలుగు విడతల్లో. అందులో స్లాబు దగ్గరి విడత పెద్దది. ఇల్లు కట్టే ఎవడికైనా అంతే. పునాది, గోడలు కొద్దికొద్దిగా డబ్బు తింటాయి, ఆపితే ఆగుతాయి. స్లాబు రోజున ఇనుమూ, సిమెంటూ, సెంట్రింగూ, మిల్లరూ, కూలీల భోజనాలూ ఒక్కసారే వచ్చి చేతులు చాపుతాయి. సగం స్లాబు పోసి మిగతాది వచ్చే నెల అనడానికి లేదు. ‘నమ్మి’ కట్టేవాడి ఇల్లు సాధారణంగా స్లాబుకు ముందే ఆగుతుంది. పిల్లర్ల మీద నుంచి ఆకాశానికి చూస్తూ తుప్పు పట్టే ఇనుప చువ్వల్ని చూస్తే ఆ ఇంటాయన ఏ పదచ్ఛేదం చేశాడో తెలుస్తుంది.

*అద్దె యింట నుండి.* పాతది ఖాళీ చేశాడు, కొత్తది కాలేదు. మధ్యలో అద్దె ఇల్లు. అద్దె కాగితం పదకొండు నెలలకు రాస్తారు. కొత్త ఇల్లు ఆ పదకొండు నెలల్లో అవుతుందని మేస్త్రి అంటాడు. మేస్త్రి లెక్కలో ఆషాఢం లేదు, మూఢం లేదు, వడ్రంగి చెల్లెలి పెళ్లి లేదు. టైల్సు పరిచాక గృహప్రవేశం పెట్టుకుందామంటే శూన్యమాసం ఎదురవుతుంది. బీరువా ఒక గదిలో, అట్టపెట్టెలు అన్ని గదుల్లో, పెళ్లిలో వచ్చిన గ్రైండరు ఎక్కడుందో ఎవరికీ తెలియని కాపురం సాగుతుంది. “ఈ నెలాఖరుకి వెళ్లిపోతాం వదినా” అని ఇల్లాలు ఇంటి ఓనరమ్మకు ప్రతి నెలాఖరుకీ చెబుతుంది.

*అప్పులో మునుఁగుచు.* ‘మునిఁగి’ అనకుండా ‘మునుఁగుచు’ అనడంలో వర్తమాన క్రియ ధ్వనిస్తోంది. పని ఇంకా జరుగుతోంది. బ్యాంకు గృహరుణాన్ని కూడా విడతలుగానే విడుదల చేస్తుంది. ఇల్లు పూర్తయ్యేదాకా ఇచ్చినంతవరకు వడ్డీ కడుతూ పోవాలి. అదే నెలలో అద్దె. అదే నెలలో పాత ఇంటి మీద పాత లోను ఉంటే దాని వాయిదా. పాత ఇంటి కాగితాలు బ్యాంకులో ఉంటే కొనేవాడు తొందరపడడు. అప్పు పూర్తిగా తీర్చాక 30 రోజుల్లో అసలు కాగితాలు తిరిగివ్వాలని, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. కానీ ఆ అప్పు తీర్చడానికి కొనేవాడి డబ్బు కావాలి. కొనేవాడు డబ్బివ్వడానికి కాగితాలు కావాలి. తర్కశాస్త్రంలో దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అంటారు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు దీని విరుగుడు: బ్యాంకు నుంచి బాకీ ఎంతో రాసిన లెటరు తెచ్చుకుని, కొనేవాడు ఆ మేరకు నేరుగా లోను ఖాతాకే కట్టేటట్టు ఒప్పందంలో రాసుకోవడం.

ఇంకో ముంపు ఉంది. తెలంగాణలో 2021 జులై 22 నుంచి అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ, బదిలీ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 30 లక్షల ఇంటికి 2 లక్షల 25 వేలు. కొనేవాడు, “కాగితంలో తక్కువేసుకుందాం, మిగతాది చేతికిస్తా” అంటాడు. వీడికి అది వరంలా వినిపిస్తుంది. కాగితంలో లేని డబ్బుకు 54 లేదు, బ్యాంకు లేదు, కోర్టు లేదు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదు పుచ్చుకుంటే ఆదాయపు పన్ను చట్టంలో అంతే మొత్తం జరిమానా ఉంది.

*మూడు కొంపలేలు మొగుఁడు.* కవి గృహమనలేదు, నిలయమనలేదు, కొంప అన్నాడు. కొంప అంటుకుంటుంది, మునుగుతుంది, కొల్లేరవుతుంది. నిలయానికి ఈ గతులు లేవు. ‘ఏలు’ అనడంలో ఎత్తిపొడుపు. మూడింటికీ తాళాలున్నాయి, ఒక దాంట్లోనూ తనదని కాళ్లు చాపుకునే చోటు లేదు.

పాఠాంతరము

మామగారి దగ్గరున్న ప్రతిలో నాలుగో పాదం ‘మూడు కొంపలేలి మునుఁగు నితఁడు’ అని ఉంది. యతి, గణాలు సరిపోయినా, మునగడం మూడో పాదంలో చెప్పేశాడు కనుక పునరుక్తి దోషం. పైగా చేబదులిచ్చిన వారి పాఠాలు వ్యాఖ్యానంలో ప్రమాణం కావు.

అలంకారము, ఛందస్సు

మొదటి పాదంలో శ్లేష. మూడిళ్లున్నా ఇల్లు లేదనడం విరోధాభాసం. మేలు కోరి చేసిన యత్నం వల్ల కీడు కలగడం విషమాలంకారం. అంగి విషమం, మిగతావి అంగాలు. పద్యం ఆటవెలది. ముదిగొండ సలగణం, అనగా ఇంద్రగణం. అలాంటి పదం చీలకుండా ఒకే గణంగా నిలవడానికి ఆటవెలదిలో బేసి పాదాల చివరి రెండు గణాల్లో తప్ప చోటు లేదు. రోడ్డు పక్క జాగా దొరకడం ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించాలి.

పూర్వపక్షము

‘అమ్మాకే కట్టాలంటే, అమ్మేలోపు ఇనుము ధర పెరుగుతుంది, అద్దె దండగ, అర్జెంటని తెలిస్తే కొనేవాడు ధర తొక్కుతాడు. కట్టాకే అమ్ముదామంటే ఆరామంగా మంచి ధరకు అమ్మవచ్చు’ అని ఒక పక్షం. ఈ పక్షంలో నిజముంది. పాత ఇంటి డబ్బు లేకుండా కొత్తది పూర్తి చేయగలవాడికి ఇదే మంచి దారి. కానీ అలాంటివాడి మీద ఎవరూ ఆటవెలది చెప్పరు. ఈ పద్యంలోని గృహస్థు అతడు కాడు.

సిద్ధాంతము

పాత ఇంటి ధర మీదే కొత్త ఇంటి స్లాబు ఆధారపడినవాడు ముందు అమ్మాలి. అమ్మి వెంటనే ఇల్లు వదలనక్కర్లేదు. దస్తావేజు రాసి, డబ్బు బ్యాంకులో వేసుకుని, అదే ఇంట్లో కొన్నవాడికి అద్దె కడుతూ పదకొండు నెలలుండేటట్టు మాట్లాడుకోవచ్చు. కొనేవాడికి మొదటి నెల నుంచే అద్దె వస్తుంది కనుక చాలామంది కాదనరు. సామాను ఒక్కసారే కదులుతుంది, బోరు చేతిలోనే ఉంటుంది, కొత్త ఇల్లు ఎంత పెద్దదో చేతిలో ఉన్న డబ్బే చెబుతుంది. మూడు కొంపలు రెండవుతాయి. ధరలో కొంత తగ్గినా ఆ తగ్గింపు ఎంతో ముందే తెలుస్తుంది. నమ్మినవాడికి పోయేది ఎంతో ఇల్లు పూర్తయ్యేదాకా తెలియదు.

తాత్పర్యము

పాత యిల్లు అమ్ముడుపోఁగలదని నమ్మి, దాని ప్రక్కనే ముదిగొండలోఁ గొత్త యింటికిఁ బునాది తీయించి, అద్దె యింటఁ జేరి, అప్పులలో మునుఁగుచున్న యీతఁడు మూఁడిండ్లకు నాథుఁడై యొక్క యింటఁ గుదురుగా నుండలేకున్నాఁడని భావము.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవారికి ఇల్లు దక్కుతుందని హామీ ఏమీ లేదు. బయానా పుచ్చుకునే ముందు ఒప్పందంలో మూడు తేదీలు రాయించండి: మిగతా డబ్బు ఏ తేదీకి, రిజిస్ట్రేషన్ ఏ తేదీకి, తాళం ఏ తేదీకి. మూడూ కాగితం మీదికి ఎక్కేదాకా కొత్త జాగాలో ముగ్గు పోయనివ్వకండి.